నెట్టు ఉచితమా అన్నది తర్వాత - ముందు చివరి ఊరికి చేరాలి

ఈ వారం ఒక తీగ సంగతి మాట్లాడుకుందాం. మీ ఊరి కరెంటు స్తంభాల మీద, కరెంటు తీగల కింద, నల్లగా సన్నగా ఇంకో తీగ వేలాడుతూ ఉంటుంది. చూసే ఉంటారు. చాలామంది దాన్ని టీవీ కేబులు అనుకుంటారు. అందులో టీవీ బొమ్మలతో పాటు ఇంటర్నెట్టు కూడా వస్తుంది. ఈ నెట్టును ప్రభుత్వమే అందరికీ ఉచితంగా ఇవ్వాలా వద్దా అని అప్పుడప్పుడు పేపర్లలో, టీవీల్లో వాదన జరుగుతుంటుంది. పట్నం వాళ్లకు అది సినిమా ఎంత వేగంగా వస్తుందన్న గొడవ. మనకు మాత్రం పండిన పత్తి మద్దతు ధరకు అమ్ముడవుతుందా లేదా అన్న గొడవ. అందుకే ఈ పేజీలో రాయాల్సి వచ్చింది.

2025 పత్తి సీజన్లో పల్నాడులో సాగర్ కుడి కాలువ చివరి ఊళ్ల వైపు వెళ్లాను. ఒక ఇంటి వసారాలో పత్తి బోరాలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. రెండున్నర ఎకరాల ఆసామి. అరవై దాటిన మనిషి.

“ఇంకా అమ్మలేదేం బాబాయ్?” అనడిగాను.

“అమ్మాలంటే ఫోన్లో రోజు రాయించుకోవాలంట అబ్బాయ్. నాకున్నది మీటల ఫోను. ఆధారుకేమో మా పెద్దోడి నంబరు ఇచ్చాం. వాడు హైదరాబాదులో రాత్రి డ్యూటీ. ఇక్కడ నొక్కితే అంకెలు వాడి ఫోనుకు పోతాయి. వాడు నిద్ర లేచి చెప్పేసరికి టైమైపోయిందంటది” అన్నాడు.

పక్కింటి కుర్రాడి దగ్గర పెద్ద ఫోనుంది. కానీ ఊళ్లో సిగ్నలు నిలబడదు. చెరువుకట్ట మీద మర్రిచెట్టు దగ్గరకు పోతే వస్తుంది. నాలుగు రోజులు ఆ కుర్రాణ్ని బతిమాలి కట్ట మీదకు తిప్పాడు. ఐదో రోజు మబ్బు పట్టింది. పత్తి తడిస్తే తేమ పేరు చెప్పి అసలే కొనరు కదా. భయపడి ఊళ్లోకి వచ్చిన వ్యాపారికి పోశాడు. పన్నెండు క్వింటాళ్లు. క్వింటాలుకు మద్దతు ధర కన్నా వెయ్యి రూపాయలు తక్కువ. అంటే పన్నెండు వేలు. ఆ డబ్బు పెడితే ఆ ఊరికి సిగ్నలు కాదుగానీ, ఆ ఇంటికి ఏడాదికి పైగా నెట్టు వచ్చేది. తీగ ఆ ఇంటి దాకా వచ్చి ఉంటే!

గుమ్మం మార్చింది ఎవరు?

“రైతుకి నెట్టెందుకయ్యా, వాన కావాలి గానీ” అనే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. ఒకప్పుడు ఆ మాట నిజమే. కానీ నెట్టు కావాలని రైతు పోయి అడగలేదు. రైతుతో చేయాల్సిన పనులన్నీ ఒక్కొక్కటే ప్రభుత్వమే నెట్టు మీదకు ఎక్కించింది.

లెక్క చూడండి. 2019లో పీఎం కిసాన్ వచ్చింది. ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతలు. తర్వాత దానికి ఈ-కేవైసీ తప్పనిసరి చేశారు. ఫోనుకు వచ్చే ఓటీపీ చెప్పాలి, లేదా వేలిముద్ర వేయాలి, లేదా యాప్‌లో ముఖం చూపించాలి. మూడింటికీ నెట్టు కావాలి. పంట వేశాక ఈ-క్రాప్‌లో నమోదు కావాలి. అందులో పేరు లేకపోతే బీమాకూ ఇబ్బందే, నష్టపరిహారానికీ ఇబ్బందే, పంట అమ్మకానికీ ఇబ్బందే. 2025లో రైతుకి విశిష్ట సంఖ్య అన్నారు. అదే ఏడాది పత్తి కొనుగోలుకు సీసీఐ కపాస్ కిసాన్ అనే యాప్ పెట్టి, ముందు పేరు నమోదు చేసుకోవాలి, స్లాటు బుక్ చేసుకుని ఆ రోజునే సరుకు తేవాలి అంది. ఆ సీజనుకు పొడుగు పింజ పత్తికి మద్దతు ధర 8,110 రూపాయలు. ఆ ధర అందుకోవాలంటే మొదటి మెట్టు ఫోనే.

2025 జనవరి 30న మన రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలుపెట్టింది. ఆఫీసుల చుట్టూ తిరగకుండా ఇంట్లో కూర్చుని సర్టిఫికెట్టు తెచ్చుకోవచ్చు. మంచిదే. కాదనడం లేదు. బస్సు చార్జీ మిగిలింది, ఒక పూట కూలి మిగిలింది. కానీ ఆఫీసు గుమ్మాన్ని ఫోన్లోకి మార్చాక, ఆ గుమ్మం దాకా దారి వేయాల్సింది ఎవరు? తహసీల్దారు ఆఫీసుకు పోయే రోడ్డు మీద మనల్ని టోలు అడగడం లేదు కదా. నెట్టు కూడా ఇప్పుడు ఆ రోడ్డే.

మన దేశంలో ఉన్న కమతాల్లో నూటికి 86 చిన్న, సన్నకారు రైతులవే అని 2015-16 వ్యవసాయ గణన చెప్పింది. అంటే ఐదెకరాల లోపు వాళ్లం. పెద్ద రైతుకి ఇంట్లో చదువుకున్న కొడుకుంటాడు, పట్నంలో ఇల్లుంటుంది. నెట్టు లేక నష్టపోయేది మనమే.

ఉచిత కరెంటు చెప్పిన పాఠం

సరే, అందరికీ ఉచితం చేసేస్తే గొడవ వదిలిపోతుందా? ఇక్కడ మన అనుభవమే మనకు గురువు. 2004 మే నెలలో వ్యవసాయానికి ఉచిత కరెంటు మీద సంతకం అయింది. అంతకు ముందు బిల్లు కట్టలేక ఫ్యూజులు పీకించుకున్న ఇళ్లు మనవే. అందుకని ఆ సంతకం విలువ మనకు తెలుసు. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాడు బోరు కింద సేద్యం చేసి ఎరగడు.

కానీ ఉచితం అయినంత మాత్రాన కరెంటు సరిగా వచ్చిందా? ఎన్నేళ్లు అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని మోటారు దగ్గరకు పోలేదు? పాము కాటుకు ఎంతమంది పోలేదు? లో వోల్టేజీకి మోటారు కాలితే చుట్టించుకున్న డబ్బు ఎవరిది? ట్రాన్స్‌ఫార్మర్ పోతే తలా కొంత చందా వేసుకుని ట్రాక్టరు మాట్లాడుకున్నది ఎవరు? “ఊరికే ఇచ్చేదానికి అడుగుతావేందయ్యా” అన్న మాట కూడా పడ్డాం. బిల్లు కట్టేవాడు గట్టిగా అడుగుతాడు. ఊరికే తీసుకునేవాడు దణ్ణం పెట్టి అడగాల్సి వచ్చింది.

నెట్టు సంగతిలో అదే తప్పు మళ్లీ చేయకూడదు. ‘ఉచితం’ అన్న ఒక్క మాట మీద చప్పట్లు కొట్టి ఇంటికొస్తే, తీగ ఉంటుంది, లోపల ఏమీ రాదు. ఎన్ని గంటలు వస్తుంది, తెగితే ఎన్నాళ్లకు అతుకుతారు, ఎవరిని అడగాలి - ఇవి కాగితం మీద ఉండాలి. ఉచితం ఆ తర్వాతి మాట.

తీగ ఎందాకా వచ్చింది?

కాలువ లెక్క మీకు చెప్పనక్కర్లేదు. డ్యాములో నీళ్లుంటాయి, మేజరులో ఉంటాయి, మైనరులో సగం ఉంటాయి, చివరి తూము దగ్గర కప్పలు కూడా ఉండవు. నెట్టు కాలువ కూడా అట్లాగే పారుతోంది.

2011 అక్టోబరులో కేంద్రం దేశంలోని రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబరు తీగ వేయాలని నిర్ణయించింది. రెండేళ్లలో పూర్తి అన్నారు. గడువులు మారుతూ పోయాయి. 2015లో దానికే భారత్ నెట్ అని పేరు పెట్టారు. 2023 ఆగస్టులో మిగిలిన పని కోసం, వేసిన తీగ బాగుచేయడం కోసం 1,39,579 కోట్లతో మళ్లీ మంజూరు చేశారు. మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్ వచ్చింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, నెట్టు మూడూ అన్నారు. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే సుమారు 24,000 కిలోమీటర్లు తీగ లాగారు. ఖర్చు తగ్గింది, పని తొందరగా అయింది. నిజంగా మంచి ఆలోచన.

అయితే స్తంభం మీది తీగకు స్తంభం కష్టాలన్నీ ఉంటాయి. గాలివానకు చెట్టుకొమ్మ పడితే తెగుతుంది. వరిగడ్డి ఎత్తుగా వేసుకున్న ట్రాక్టరు తగిలినా తెగుతుంది. ఈ తీగలో పారేది కరెంటు కాదు, వెలుగు. మామూలు తీగలా మెలిపెట్టి అతకడానికి కుదరదు. దానికి వేరే మిషను కావాలి, పని నేర్చిన మనిషి కావాలి. ఆ మనిషి మండలానికి ఒక్కడూ లేకపోతే, తెగిన తీగ వారాల తరబడి అట్లా వేలాడుతూనే ఉంటుంది.

ఇంకో సంగతి. పంచాయతీ ఆఫీసు దాకా తీగ వచ్చిందంటే ఊళ్లో ఇళ్లకు వచ్చినట్టు కాదు. ఆఫీసులో ఒక చిన్న పెట్టె పెడతారు. దానికి కరెంటు ఉండాలి. కరెంటు పోతే బ్యాటరీ ఉండాలి. అక్కడి నుంచి వీధుల్లోకి, ఇళ్లకు తీగ లాగే పని వేరు. మేజరు తవ్వి పిల్ల కాలువలు మరిచిపోయినట్టు, లెక్కల్లో ఊరు పూర్తయిపోతుంది, ఇల్లు మాత్రం ఎండే ఉంటుంది. 2023 మంజూరులో ఒక మంచి మాట ఉంది. తీగను ఒకే దారిగా కాకుండా చుట్టు తిప్పి కలపాలన్నారు. ఒకచోట తెగితే రెండో వైపు నుంచి వస్తుంది. పదేళ్ల నిర్వహణ కూడా అందులోనే పెట్టారు. అది మన ఊళ్లలో జరుగుతోందా అని అడిగే హక్కు మనకుంది.

డబ్బు ఎవరిది?

“ఉచితం అంటే ఎవరో కట్టాలి కదా, ఖజానా ఎక్కడ తెస్తుంది?” అంటారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కూడా ఉంది.

2002 నుంచీ ఒక నిధి ఉంది. ఫోను కంపెనీలకు వచ్చే రాబడిలో లెక్కగట్టి నూటికి 5 రూపాయలు ఆ నిధి కింద ప్రభుత్వానికి కడతాయి. కంపెనీలకు లాభం రాని పల్లెలకు, అడవులకు, కొండలకు ఫోను, నెట్టు చేర్చడానికే ఆ నిధి. 2023 టెలికం చట్టంలో దాని పేరు డిజిటల్ భారత్ నిధి అని మార్చారు. కంపెనీ రాబడి అంటే ఏమిటి? మీరూ నేనూ వేయించుకునే రీచార్జే కదా. 2024 జులైలో పెద్ద కంపెనీలు చార్జీలు పెంచాయి. అవీ మనమే కట్టాం. అంటే చివరి ఊరి కోసం పెట్టిన సొమ్ములో మన వాటా ఇప్పటికే ఉంది. చేయి చాచి అడుక్కోవడం కాదిది. కట్టిన నీటి తీరువాకు నీళ్లు అడగడం.

బయట ఎట్లా చేశారు?

కేరళ వాళ్లు 2023 జూన్ 5న కేఫోన్ అనే సర్కారు నెట్టు ప్రారంభించారు. అందరికీ ఉచితం అనలేదు. 20 లక్షల పేద కుటుంబాలకు ఉచితం, మిగతా వాళ్లకు తక్కువ ధర, సర్కారు ఆఫీసులకు, బడులకు అదే తీగ అన్నారు. మొదటి విడత నియోజకవర్గానికి 100 ఇళ్ల చొప్పున 14,000 ఇళ్లు పెట్టుకున్నారు. ఇరవై లక్షలెక్కడ, పద్నాలుగు వేలెక్కడ అని మీరు నవ్వొచ్చు. ఉచితం అని చెప్పడానికీ తీగ లాగడానికీ మధ్య ఎంత దూరమో తెలుసుకోవడానికి ఆ లెక్క చాలు. అయినా దారి మాత్రం సరైనదే. ఫిన్లాండ్ దేశం 2010 జులై నుంచి నెట్టు కనెక్షన్ ప్రతి మనిషి హక్కు అని చట్టం తెచ్చింది. ఉచితం కాదు, హక్కు. నాకు లేదు అని ఎవరైనా అడిగితే, అందుబాటు ధరకు ఇవ్వకుండా తప్పించుకోవడానికి కంపెనీకి వీల్లేదు.

మనకు ఇంకో అనుభవం ఉంది. 2015లో ఫేస్‌బుక్ కంపెనీ మన దేశంలో ఉచిత నెట్టు అంటూ వచ్చింది. అందులో వాళ్లు ఒప్పుకున్నవే కనపడతాయి, మిగతావి కనపడవు. 2016 ఫిబ్రవరిలో ట్రాయ్ అలాంటి బేరాలు కుదరవని తేల్చింది. విత్తనాలు ఊరికే ఇచ్చి, పంట నాకే అమ్మాలి అనే వ్యాపారిని మనం చూడలేదా? ఊరికే ఇచ్చేవాడు ఎవడు, ఎందుకిస్తున్నాడు అని అడగడం మన పెద్దలు నేర్పిన బుద్ధే.

నా మాట

ఇక తేల్చి చెప్పాలి. అందరికీ, అన్నిటికీ ఉచితం అన్నది నాకు నచ్చలేదు. విజయవాడలో నాలుగంతస్తుల మేడకు ఉచితంగా నెట్టు ఇచ్చే డబ్బుతో మన మండలంలో ఒక లైన్‌మనుకు జీతం ఇవ్వొచ్చు. పైగా అందరికీ అన్నప్పుడల్లా ముందు అందుకునేది రోడ్డు పక్కవాడు. చివరి తూము వాడికి మిగిలేది మాటే.

పిల్లలు చెడిపోతారు, ఫోన్లో పందేలు కాసి అప్పులపాలవుతారు అని భయపడే తండ్రులున్నారు. ఆ భయం ఉత్తది కాదు. కానీ ఆ జాడ్యం రీచార్జి డబ్బుతో ఎప్పుడో ఊళ్లోకి వచ్చేసింది. దానికి భయపడి పత్తి స్లాటు, పిడుగు హెచ్చరిక ఎందుకు వదులుకోవాలి? పిడుగు పడే ముందు ఫోన్లో చెప్పే దామిని యాప్ ఉంది. వాతావరణం చెప్పే మేఘదూత్ ఉంది. మిరప నాట్ల వేళ, కళ్లాల వేళ ఆ కబురు ఎంత విలువైనదో మీకు తెలుసు. పొలంలో సిగ్నలు లేకపోతే ఆ యాప్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

అందుకని ప్రభుత్వాన్ని మనం అడగాల్సినవి ఇవి.

ఒకటి. ప్రతి రైతు సేవా కేంద్రంలో, పంచాయతీ ఆఫీసులో రైతు ఎవరైనా, ఏ ఊరివాడైనా పైసా లేకుండా నెట్టు వాడుకునే వీలుండాలి. చేతిలో పెద్ద ఫోను లేనివాడికి పక్కన కూర్చుని నమోదు చేసిపెట్టే మనిషి ఉండాలి. ఆ మనిషి లేకపోతే నెట్టు ఉన్నా దండగే. ఓటీపీ ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో తెలియక బ్యాంకు ఖాతాలు ఖాళీ అయినవాళ్లు మనలో ఎందరో.

రెండు. రెండున్నర ఎకరాల లోపు రైతులకు, కౌలుదార్లకు, కూలీలకు ఇంటి కనెక్షన్ ఉచితంగా ఇవ్వాలి. మిగతావాళ్లు కొద్దిగా కట్టాలి. కట్టినవాడికి అడిగే నోరుంటుంది. ఆ నోరు ఊరందరికీ పనికొస్తుంది.

మూడు. తీగ తెగితే ఎన్ని గంటల్లో అతకాలో రాసిపెట్టాలి. గడువు దాటితే ఎవరు జవాబుదారో వాళ్ల పేరు, ఫోను నంబరు పంచాయతీ గోడ మీద ఉండాలి.

నాలుగు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. నెట్టు పనిచేయని రోజు కాగితం చెల్లాలి. సిగ్నలు లేక నమోదు కాకపోతే ఆ తప్పు రైతుది కాదు. ఆ ఊరికి గడువు పొడిగించాలి. రోడ్డు వేయనివాడు ఆలస్యంగా వచ్చావని జుల్మానా వేయకూడదు.

ఇవి వాటంతటవి రావు. మనం చేయాల్సిన పని చిన్నదే. రేపు పంచాయతీ ఆఫీసుకు పోండి. “ఫైబరు పెట్టె ఉందా? ఉంటే దీపం వెలుగుతోందా?” అని సెక్రటరీ గారిని మర్యాదగా అడగండి. వెలగకపోతే ఎన్నాళ్ల నుంచి వెలగడం లేదో రాయించండి. గ్రామసభలో తీర్మానం పెట్టించండి. ఒకళ్లు రాస్తే అర్జీ, ఊరు రాస్తే ఉత్తర్వు. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. ఆధారుకు మీ సొంత నంబరే ఉందో, పట్నంలో ఉన్న పిల్లల నంబరు ఉందో ఇప్పుడే చూసుకోండి. సీజను నెత్తిన పడ్డాక చూస్తే ఆ పెద్దాయన గతే పడుతుంది.

వచ్చేటప్పుడు ఆయన్ని అడిగాను. “బాబాయ్, సర్కారు నెట్టు ఊరికే ఇస్తానంటే తీసుకుంటావా?”

ఆయన బోరాలు ఖాళీ అయిన వసారా వైపు చూసి అన్నాడు. “ఊరికే ఇవ్వకపోతే మానె అబ్బాయ్, నెలకో వంద నేనే ఇస్తా. ఆ చెరువుకట్ట మీదున్న సిగ్నలేదో మా ఇంటి దాకా తెమ్మను.”